నొప్పిని మోసుకువచ్చే వార్తాహరుడు

ఫజ్ర్ నమాజు ముగిసిన వెంటనే మా మద్రసాలో హిఫ్జ్ తరగతి మొదలవుతుంది. పిల్లలు రెహళ్లు ముందుంచుకొని తమ తమ సబఖ్‌లను వల్లె వేస్తుంటారు. కొన్నేళ్ల క్రితం ఆ తరగతిలో పన్నెండేళ్ల బాలుడొకడు ఉండేవాడు. చురుకైన జ్ఞాపకశక్తి గలవాడు. అయితే నెలకు మూడు నాలుగుసార్లు అతడు చదవడం ఆపి, కళ్లు మూసుకొని, రెండు చేతులతో తల పట్టుకొని గోడకు ఆనుకునేవాడు. "ఉస్తాద్ గారూ! తల పగిలిపోతున్నట్లుంది. వెలుతురు చూడలేకపోతున్నాను" అనేవాడు.

నుదుటి మీద చేయివేసి చూస్తే జ్వరం ఉండేది కాదు. దెబ్బ లేదు, వాపు లేదు. సాయంత్రమయ్యేసరికి తోటి పిల్లలతో ఆడుకుంటూ కనిపించేవాడు. సబఖ్ తప్పించుకోవడానికి నేర్చుకున్న సాకు ఇది అని నేను నిర్ధారించుకున్నాను. అందరి ముందూ మందలించాను. ఒకరోజు నిలబెట్టి చదివించాను. ఆ రోజు అతడు నిలుచున్నచోటే వాంతి చేసుకొని కూలబడ్డాడు.

తండ్రి వచ్చి పట్టణానికి తీసుకువెళ్లాడు. పిల్లల్లోనూ వచ్చే మైగ్రేన్ తలనొప్పి అని అక్కడి వైద్యుడు తేల్చాడు. చీటీ నా చేతిలో పెడుతూ ఆ తండ్రి కోపగించుకోలేదు. "హజ్రత్, మావాడు అబద్ధం చెప్పలేదండీ" అని మాత్రం అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నిజం చెప్పిన పసివాణ్ణి పదిమందిలో అబద్ధీకునిగా నిలబెట్టినవాణ్ణి నేనే. అదే తరగతిలో, అదే పిల్లల ముందు అతణ్ణి క్షమాపణ కోరాను.

గాయం లేనిచోట నొప్పి ఎక్కడి నుండి వస్తుంది? కంటికి కనిపించనిది ఒంటిని ఎలా కూల్చగలుగుతుంది? ఈ ప్రశ్నలతో ఆ వైద్యుణ్ణి కలిశాను. ఆయన ఎంతో ఓపికగా చెప్పిన విషయాలను, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్న వాటిని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేలికి పెనం తగిలినప్పుడు

రొట్టెలు కాల్చేటప్పుడు వేలికి పెనం తగలని ఇల్లాలు ఉండదు. ఆ క్షణంలో జరిగేది ఒకసారి గమనించండి. ముందు చేయి తనంతట తానే వెనక్కి వస్తుంది. ఆ వెంటనే చురుక్కుమనే పదునైన నొప్పి కలుగుతుంది. కాసేపటికి అది తగ్గి, దాని స్థానంలో మంటతో కూడిన సలుపు మొదలై చాలాసేపు ఉంటుంది.

ఈ రెండు రకాల నొప్పులూ రెండు వేర్వేరు దారుల్లో ప్రయాణిస్తాయి. పలుచని కొవ్వు పొరగల నాడీతంతువుల్లో సంకేతం సెకనుకు 5 నుండి 30 మీటర్ల వేగంతో పోతుంది. చురుక్కుమనే నొప్పి దీనిదే. కొవ్వు పొర లేని సన్నని తంతువుల్లో ఆ వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు, అంటే ఇంచుమించు మనిషి నడక వేగం. సలుపును మోసేవి ఇవే.

వెన్నెముకకు ఇరుపక్కలా చిన్న గింజల వంటి నాడీముడులు వరుసగా ఉంటాయి. నొప్పిని గ్రహించే నాడీకణాల కేంద్రాలు వాటిలోనే ఉంటాయి. ఒక్కొక్క కణం నుండి రెండు కొమ్మలు బయలుదేరతాయి. ఒకటి చర్మం దాకా, రెండవది వెన్నుపాములోకి పోతుంది. చర్మం వద్ద పుట్టిన విద్యుత్ సంకేతం వెన్నుపాము చేరగానే అక్కడ ఆగవలసి వస్తుంది. ఎందుకంటే ఒక నాడీకణానికి, తర్వాతి కణానికి మధ్య అతి సూక్ష్మమైన ఖాళీ ఉంది. విద్యుత్తు దానిని దాటలేదు. ఆ ఖాళీని దాటించేవి రసాయనాలు. అవే మన దేహంలోని వార్తాహరులు.

ఈ వార్తాహరుల్లో గ్లూటమేట్ వేగమైనది. అది క్షణంలో వార్త అందిస్తుంది, క్షణంలో తొలగిపోతుంది. దానితోపాటు మరొకటి ఉంది. దాని పేరు సబ్‌స్టెన్స్ పి, అంటే పి పదార్థం. ఇది 11 అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడి ఏర్పడిన చిన్న మాంసకృత్తి ముక్క. నాడుల్లో పనిచేసే ఇటువంటి గొలుసులను న్యూరోపెప్టైడ్లు అంటారు. నాడీకణం దీనిని తన కేంద్రంలో తయారుచేసి, చిన్న సంచుల్లో నింపి, రెండు కొమ్మల చివరలకూ పంపి నిల్వ ఉంచుతుంది. సంకేతం బలంగా, ఎడతెగకుండా వచ్చినప్పుడు మాత్రమే ఆ సంచులు తెరుచుకుంటాయి.

వెలువడిన పి పదార్థం అవతలి కణం మీద ఉన్న ఎన్‌కె-1 అనే గ్రాహకాన్ని తాకుతుంది. తాళానికి తాళంచెవి అమరినట్లు దానికిది అమరుతుంది. గ్లూటమేట్ మాదిరిగా ఇది వెంటనే తొలగిపోదు. నెమ్మదిగా చుట్టుపక్కలకు వ్యాపించి, అవతలి కణాలను చాలాసేపు జాగృతంగా ఉంచుతుంది. ఆ స్థితిలో అవి చిన్న సంకేతానికి కూడా పెద్దగా స్పందిస్తాయి. కాలిన వేలికి గోరువెచ్చని నీళ్లు కూడా నిప్పులా తోచడానికి ఇదొక కారణం.

అదే సమయంలో చర్మం వైపు కొమ్మ చివర నుండి కూడా పి పదార్థం వెలువడుతుంది. అది రక్తనాళాల గోడలను వదులు చేసి ద్రవాన్ని బయటికి ఊరనిస్తుంది. గాయం చుట్టూ కనిపించే ఎరుపులో, వాపులో నాడులకు కూడా భాగం ఉంది. అంటే నొప్పి నాడి వార్త మోసుకుపోవడంతో ఊరుకోదు, గాయపడినచోట మరమ్మతు పనికి కూడా పిలుపునిస్తుంది.

మిరపకాయ చెప్పిన రహస్యం

గుంటూరు మిరపకాయ కారం తెలియని తెలుగు ఇల్లు లేదు. కాయలు తొడిమలు తీసిన చేతులు గంటల తరబడి మండుతాయి. కానీ ఆ చేతులు నిజంగా కాలలేదు, మరి మంట ఎక్కడిది?

అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనికి సమాధానం కనుగొంది. మిరపలోని కారానికి కారణమైన కాప్సైసిన్ నొప్పి నాడుల చివర ఉన్న ఒక ద్వారాన్ని తెరుస్తుంది. దాని పేరు టి.ఆర్.పి.వి.-1. ఇంచుమించు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేది కూడా ఈ ద్వారమే. అందువల్ల మిరప తగిలినా నిప్పు తగిలినా మెదడుకు చేరే వార్త ఒక్కటే: "కాలుతోంది." ఈ పరిశోధనకు జూలియస్‌కు, స్పర్శను గురించి పరిశోధించిన ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి 2021లో నోబెల్ బహుమతి లభించింది. పటపూటియన్ లెబనాన్ రాజధాని బీరూట్‌లో పుట్టి పెరిగినవాడు.

ఈ ద్వారం తెరుచుకున్నప్పుడు నాడి చివరల నుండి పి పదార్థం వెలువడుతుంది. మళ్లీ మళ్లీ కాప్సైసిన్ తగులుతూ ఉంటే ఆ నిల్వ తరిగిపోయి, నాడి కొసలు కొంతకాలం మొద్దుబారతాయి. మోకాళ్ల నొప్పులకు, చప్పి వచ్చి తగ్గాక మిగిలే మంటకు కాప్సైసిన్ పూతమందులు ఇవ్వడంలోని తర్కం ఇదే. అవి కొలిచి తయారుచేసిన మందులు. వాటికి బదులుగా ఇంటి కారం పూసుకోవడం చర్మానికి హాని చేస్తుంది. ఇంకొక చిన్న మాట: కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి మండే చేతులకు ముందు కాస్త వంటనూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కుంటే ఉపశమనం కలుగుతుంది.

పేరులోని 'పి' కథ

పి అంటే పెయిన్, అంటే నొప్పి అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1931లో లండన్‌లో హెన్రీ డేల్ ప్రయోగశాలకు స్వీడన్ నుండి ఉల్ఫ్ ఫాన్ యూలర్ అనే యువకుడు వచ్చాడు. జాన్ గాడమ్ అనే సహచరునితో కలిసి గుర్రం పేగుల నుండి, మెదడు నుండి ఒక సారాన్ని తీశాడు. అది కుందేలు పేగు ముక్కను ముడుచుకునేలా చేసింది, రక్తపోటును తగ్గించింది. అప్పటికి తెలిసిన ఏ రసాయనమూ కాదని తేలింది. తమ రాతల్లో ఆ సారానికి గుర్తుగా వారు 'పి' అనే అక్షరాన్ని వాడుకున్నారు. అది ప్రిపరేషన్ అనే మాటకు గుర్తు. సారాన్ని ఎండబెట్టి పౌడరుగా ఉంచేవారు గనుక ఆ అర్థంలో కూడా వాడారు. నొప్పితో దానికి సంబంధం ఉందన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు.

1953లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫ్రెడ్ లెంబెక్ ఒక విషయం గమనించాడు. వెన్నుపాములోకి వార్తలు తెచ్చే నాడీమూలాల్లో ఈ పదార్థం ఎక్కువగా ఉంది. వెన్నుపాము నుండి కండరాలకు ఆజ్ఞలు తీసుకుపోయే మూలాల్లో తక్కువగా ఉంది. కనుక ఇది ఇంద్రియ జ్ఞానాన్ని మోసే వార్తాహరుడై ఉండాలని అతడు ప్రతిపాదించాడు.

అయినా దాని రూపురేఖలు తెలియడానికి కనుగొన్ననాటి నుండి నలభై ఏళ్లు పట్టింది. అమెరికాలో సూసన్ లీమన్ అనే శాస్త్రవేత్త పశువుల మెదడు నుండి వేరొక హార్మోనును వేరుచేసే ప్రయత్నంలో ఉన్నారు. ఆ సారంలోని ఒక భాగం ఎక్కించిన ఎలుకలకు నోట లాలాజలం ఊరడం మొదలైంది. ఆమె దానిని వదిలిపెట్టక వెంటపడ్డారు. చివరికి తేలిందేమిటంటే అది యూలర్ కనుగొన్న పి పదార్థమే. 1971లో దాని 11 అమైనో ఆమ్లాల వరుస లోకానికి తెలిసింది.

మరికొద్ది సంవత్సరాలకు ఇంకో ముఖ్యమైన సంగతి బయటపడింది. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ అనే శాస్త్రవేత్తలు మన మెదడులోనే తయారయ్యే నొప్పినివారిణులను కనుగొన్నారు. వాటికి ఎంకెఫలిన్లు అని పేరు. ఇవి కూడా పెప్టైడ్లే. వెన్నుపాములో పి పదార్థం విడుదలను ఇటువంటి నివారిణులు అణచగలవని తర్వాతి ప్రయోగాలు చూపాయి. వార్తను మోసేవాణ్ణి, అవసరం తీరాక అతణ్ణి ఆపేవాణ్ణి ఒకే ఇంట్లో పక్కపక్కన నియమించిన సృష్టికర్త ఏర్పాటు ఎంత అద్భుతమైనది!

తలుపు మూసినా ఆగని నొప్పి

ఇంత తెలిశాక వైద్యలోకం సహజంగానే ఒక ఆశ పెట్టుకుంది. పి పదార్థం కూర్చునే గ్రాహకాన్ని ముందే మరో రసాయనంతో మూసివేస్తే నొప్పి ఆగిపోవాలి కదా! అటువంటి మందులు తయారయ్యాయి. జంతువుల్లో ఆశాజనకంగా పనిచేశాయి. 1990వ దశకంలో మనుషులకు ఇచ్చి చూశారు. పన్ను తీసిన నొప్పికి, మైగ్రేన్‌కు, ఇంకా పలు రకాల దీర్ఘకాలిక నొప్పులకు ప్రయత్నించారు. ఆశించిన ఫలితం రాలేదు.

దీని నుండి శాస్త్రవేత్తలు నేర్చుకున్న పాఠం విలువైనది. నొప్పి వార్తకు దారి ఒక్కటే కాదు. ఒక వార్తాహరుణ్ణి ఆపితే గ్లూటమేట్ వంటి మరికొందరు ఆ పని చేస్తారు. పైగా వెన్నుపాము చేరిన వార్తను మెదడు యథాతథంగా స్వీకరించదు. భయం, దిగులు, నిద్రలేమి దానిని పెంచుతాయి. ధైర్యం, విశ్రాంతి, ఆదరణ దానిని తగ్గిస్తాయి. వెయ్యేళ్ల క్రితమే ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నొప్పులను 15 రకాలుగా విభజించి చెప్పాడు. నొప్పి ఒకే మూసలో పోసినది కాదని ఆ హకీమ్‌కు ఆనాడే తెలుసు.

ఆ మందులు వృథా కాలేదు. వాంతిని ప్రేరేపించే మెదడు భాగంలో కూడా పి పదార్థం పనిచేస్తుందని తెలిసి, వాటిలో ఒకదానిని క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. కీమోథెరపీ తర్వాత వచ్చే విపరీతమైన వాంతులు దానితో తగ్గాయి. అప్రెపిటాంట్ అనే ఆ మందుకు 2003లో అమెరికాలో అనుమతి లభించింది. నొప్పి కోసం వెతికిన మందు వాంతికి ఔషధమైంది.

అదే నాడిలో మరో వార్తాహరుడు

మరి నా శిష్యుని తలనొప్పి సంగతేమిటి? పి పదార్థం ఉండే నాడీకొసల్లోనే మరొక పెప్టైడు ఉంటుంది. దానిని సి.జి.ఆర్.పి. అంటారు. ఇందులో 37 అమైనో ఆమ్లాలు ఉంటాయి. 1982లో దీని ఉనికి తెలిసింది. ముఖానికి, మెదడును కప్పి ఉంచే పొరలకు స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడి చివరల్లో ఇది పుష్కలంగా ఉంటుంది. మెదడు పొరల్లోని రక్తనాళాలను విప్పారజేసే శక్తి దీనికి చాలా ఎక్కువ.

లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ అనే వైద్యశాస్త్రవేత్తలు మైగ్రేన్ వచ్చిన సమయంలో రోగుల మెడ సిర నుండి రక్తం తీసి పరీక్షించారు. 1990లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం ఆ రక్తంలో సి.జి.ఆర్.పి. పెరిగి ఉంది. పి పదార్థం మాత్రం పెరగలేదు. అంటే తలనొప్పి అని మూలిగే మనిషి రక్తంలో ఆ నొప్పికి సాక్ష్యం ఉంది. అది కళ్లకు కనిపించదు, అంతే.

ఈ తలుపును మూసే ప్రయత్నం మాత్రం ఫలించింది. సి.జి.ఆర్.పి. గ్రాహకాన్ని అడ్డుకునే ఎరెనుమాబ్ అనే ఇంజెక్షనుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. మైగ్రేన్ రాకుండా నివారించడానికి దీనిని నెలకొకసారి ఇస్తారు. ఆ తర్వాత మాత్రలు కూడా వచ్చాయి. ఇవి ఖరీదైనవి, అందరికీ ఒకేలా పనిచేయవు, వ్యాధిని శాశ్వతంగా తొలగించవు. పాత మందులతోనే ఎంతోమందికి ఉపశమనం కలుగుతోంది. నా శిష్యునికీ అటువంటి పాత మందే సరిపోయింది.

నొప్పి తెలియని పిల్లలు

అయితే నొప్పి అసలే లేకపోతే బాగుండునా? ఉత్తర పాకిస్తాన్‌లో ఒక బాలుడు వీధుల్లో ప్రదర్శనలిచ్చేవాడు. చేతుల్లోకి కత్తులు గుచ్చుకొని, మండే నిప్పుల మీద నడిచేవాడు. అతనికి నొప్పి తెలిసేది కాదు. పరిశోధకులు అతణ్ణి చూడకముందే, పద్నాలుగవ పుట్టినరోజున ఇంటికప్పు మీద నుండి దూకి మరణించాడు. ఆ ప్రాంతంలో ఇటువంటి పిల్లలున్న మూడు కుటుంబాలను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. నొప్పి నాడిలో సంకేతాన్ని పుట్టించే ఒక ద్వారానికి చెందిన జన్యువు వారిలో దెబ్బతిని ఉంది. పిల్లలు తమ పెదవులను, నాలుకలను తామే కొరికి గాయపరచుకున్నారు. విరిగిన ఎముకలు కూడా వారికి తెలియలేదు.

దీనిని బట్టి నొప్పి మనకు కాపలాదారు అని అర్థమవుతుంది. అది మన దేహానికి పెట్టిన అమానతు వంటి రక్షణ. కాపలాదారు అరిచినప్పుడు అతని నోరు నొక్కడమూ తప్పే, అబద్ధమని తీసిపారేయడమూ తప్పే. అయితే కొందరిలో ఆ కాపలాదారు దొంగ లేకపోయినా అరుస్తుంటాడు. మైగ్రేన్ అటువంటిదే. అరుపు మాత్రం నిజమైనదే.

ఇంటిలో మన బాధ్యత

యుక్తవయస్సు దాటాక మైగ్రేన్ పురుషులకంటే స్త్రీలలో ఇంచుమించు 3 రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో ఏం జరుగుతోందో నిజాయితీగా ఆలోచించుకుందాం. కోడలు తలనొప్పి అని గదిలో పడుకుంటే "పని ఎక్కువైనప్పుడే వస్తుంది ఆమెకు" అనే మాట వినని ఇళ్లు ఎన్ని? పని ఒత్తిడి, నిద్రలేమి, వేళకు తినకపోవడం మైగ్రేన్‌ను రేపుతాయి. కాబట్టి ఆ మాటలో ఒక విధంగా నిజముంది. కానీ అది ఆమె నిర్దోషిత్వానికి సాక్ష్యం, నేరానికి కాదు. ఒళ్లంతా నొప్పులని చెప్పే ఫైబ్రోమయాల్జియా రోగుల వెన్నుద్రవంలో పి పదార్థం ఎక్కువగా ఉన్నట్లు 1990వ దశకంలోనే పరిశోధకులు చూపారు. పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయన్నంత మాత్రాన ఆమె నొప్పి లేనట్లు కాదు.

కొన్ని సంగతులు ప్రతి ఇంటా గుర్తుంచుకోవాలి. తలనొప్పి ఎప్పుడు వచ్చింది, ముందురోజు నిద్ర ఎంత, భోజనం ఎప్పుడు అన్నవి ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే వైద్యునికి సగం పని తేలికవుతుంది. నెలలో 15 రోజులు లేదా అంతకుమించి మామూలు నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే కొత్త తలనొప్పికి కారణమవుతాయి. రెండు మూడు మందులు కలిసిన మాత్రలకైతే 10 రోజులే హద్దు. దుకాణంలో అడిగి తెచ్చుకునే అలవాటు మానాలి. పిడుగు పడినట్లు హఠాత్తుగా వచ్చే భయంకరమైన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, కాలు చేయి పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి.

రమజాన్ ఉపవాసాల తొలిరోజుల్లో తలనొప్పి చాలామందికి అనుభవమే. నీరు తగ్గడం, నిద్రవేళలు మారడం, టీ కాఫీలు ఒక్కసారిగా ఆగిపోవడం అందుకు కారణాలు. షాబాన్‌లోనే టీ క్రమంగా తగ్గించుకోవడం, సహరీ వదలకపోవడం, ఇఫ్తార్ నుండి సహరీ దాకా తగినంత నీరు తాగడం మేలు చేస్తుంది. తీవ్రమైన మైగ్రేన్ ఉన్నవారు ముందుగానే వైద్యుణ్ణి, ఆలిమ్‌ను సంప్రదించాలి. రోగికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటును ఇంటివారు అవమానంగా మార్చకూడదు.

ఆ బాలుడు ఇప్పుడు హాఫిజ్. అప్పుడప్పుడూ వచ్చి సలాం చెప్పి వెళతాడు. అతడు ఆ రోజును మరచిపోయి ఉండవచ్చు, నేను మరువలేదు. నేటికీ తరగతిలో ఎవరైనా తల పట్టుకొని కూర్చుంటే, సబఖ్ అడగడానికి ముందు లేచివెళ్లి కిటికీ మూస్తాను.